నేల తాకని బంతి

రొదియోన్ ఎగోరిచ్ పినేగా నది మీది ఊళ్లకి బయల్దేరుతుంటే భార్య తలుపు దగ్గర నిలబడి ఒక్క మాట చెప్పింది. "అక్కడికెళ్లి నిజం చెప్పు. నీ బతుకులో నిజం కూడా కాస్త ఉంది, అది సరిపోతుంది." ఆయన సరేనన్నాడు. అన్నప్పుడు అబద్ధమాడే ఉద్దేశం ఆయనకి నిజంగానే లేదు. ఎప్పుడూ ఉండదు. ఎక్కిళ్లు వచ్చినట్టు దానంతటదే వచ్చేస్తుంది.

ఒకప్పుడు ఆయన పేరున్న వాలీబాల్ ఆటగాడు. ఇప్పుడు యాభై దాటాక పట్నంలో ఆడపిల్లల జట్టుకి కోచ్. పోయినేడు ఆ జట్టు గెలిచింది ఒకే ఒక్క ఆట. అదైనా అవతలి జట్టు బస్సు మంచులో దిగబడి రాలేకపోయింది కాబట్టి. వచ్చే చలికాలం కూడా ఇదే వరసైతే జట్టు ఎత్తేసి, ఆ హాలు కుస్తీ వాళ్లకిచ్చేస్తామని క్రీడల బడి డైరెక్టరు మొహం మీదే చెప్పేశాడు.

అంతకుముందే, పోయిన చలికాలం మొదలవబోతుండగా, జిల్లా రేవులో ఒక పిల్ల లారీ మీదికి క్యాబేజీలు అందించడం ఆయన కంటపడింది. అందించడం అంటే అందించడం కాదు. వచ్చిన క్యాబేజీని రెండు చేతుల వేళ్ల కొసలతో అలా పైకి నెట్టేది. అది లారీ మీదున్నవాడి ఒళ్లో పెంపుడు పిల్లిలా వచ్చి కూర్చునేది. పిల్ల తల లారీ గోడ దాటి పైకుంది. రొదియోన్ ఎగోరిచ్ అటు పరిగెత్తాడు. జనాన్ని తోసుకుని చేరేసరికి వాళ్ల పడవ వెళ్లిపోయింది. లూదా ఊరి సవ్వా తాత మనవరాలు, గ్లాషా అంటారు, అని మాత్రం తెలిసింది. చలికాలమంతా ఆయన కలల్లో క్యాబేజీలే.

జులైలో, గడ్డి కోతల వేళ, లూదాకి వచ్చాడు. వచ్చిన మర్నాడు పొద్దున్నే కుండపోతగా వాన. కోతలు ఆగిపోయాయి. పనిలేని జనమంతా సవ్వా ఇంటి అరుగు మీద చూరు కింద చేరారు. టీ కాచే సమోవార్ మరుగుతోంది. సవ్వా భార్య ఉస్తీన్యా అవ్వ వేడి వేడి బంగాళాదుంప రొట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

అసలు మాట అప్పటికే అయిపోయింది. గ్లాషాకి పదిహేడు నిండాయి, బడి చదువు అయింది. ఆయన చెప్పిందంతా తల వంచుకుని విని, "నేను రాను" అని, గుమ్మానికి తల తగలకుండా ఇంకొంచెం వంగి, నడవలోకి వెళ్లి వెన్న తీసే మర ముందు కూర్చుంది. అప్పట్నించీ మర గుయ్యిమంటూనే ఉంది.

"దాని ఇష్టమయ్యా," అంది ఉస్తీన్యా. "నేను పొమ్మనను, వద్దనను. ఎందుకు రానంటోందో నాక్కూడా చెప్పలేదు."

"వాన తగ్గగానే పడవ తీసేస్తాను," అన్నాడు పడవ తిమఫేయ్ రొట్టె నములుతూ. "మళ్లీ వారం దాకా ఇటు రాను, చూసుకో."

రొదియోన్ ఎగోరిచ్ చూరులోంచి కారుతున్న నీళ్ల వంక చూశాడు. ఆ వాన ఎంతసేపుంటే తనకి అంతసేపు గడువు.

"ఊరికే కూర్చోడమెందుకు, ఎగోరిచ్," అన్నాడు సవ్వా తాత సాసర్లో టీ ఊదుకుంటూ. "నీ ఆట కబుర్లేవైనా చెప్పు. వానొస్తే మా రేడియో కూడా గురక పెడుతుంది."

నడవలోకి వినపడేలా ఆయన గొంతు సవరించుకున్నాడు. మొదలుపెట్టింది నిజంతోనే.

"మాది రైల్వే డిపో ఉన్న ఊరు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. డిపో హాల్లో ఆట. ఆఖరి సెట్టు, చెరి పద్నాలుగు. సర్వీసు నాది. కొట్టాను. బంతి పోయి దీపానికి తగిలింది, బల్బు పగిలింది, హాలంతా చీకటి. ఆట ఆపేశారు."

జనం ఇంకా ఏదో ఉందన్నట్టు చూశారు. ఇంకేం లేదు.

"అంతేనా?" అంది పాలకేంద్రం రైసా. ఊళ్లో ఆవిడ నోటికి కుక్కలు కూడా దారిస్తాయి. "కిందటి వారం మా పుంజు లాంతరు పగలగొట్టింది. దాన్నెవరూ పట్నం తీసుకుపోయి కోచ్‌ని చెయ్యలేదు."

అరుగంతా గొల్లుమంది. లోపల మర ఆగకుండా గుయ్యిమంటోంది. రొదియోన్ ఎగోరిచ్ నాలుక కింద ఎక్కడో దురద పుట్టింది.

"అంతేనా అంటే, ఒక్క బల్బే అన్నానా నేను? బల్బు పేలింది, దాంతో హాలు ఫ్యూజు పోయింది, హాలుతో డిపో, డిపోతో స్టేషను. సిగ్నళ్లన్నీ ఆరిపోయి మాస్కో పోయే ఎక్స్‌ప్రెస్ మా ఊళ్లో నిలిచిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మా ఊళ్లో ఎక్స్‌ప్రెస్ ఆగడం అదే మొదలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అందులోంచి ఒక పెద్దమనిషి దిగాడు, బొచ్చు టోపీ, చేతిలో లాంతరు. 'ఈ బండిని ఆపిందెవడు?' అన్నాడు. అందరూ నన్ను చూపించారు. జైలేననుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, 'నాయనా, పెట్టె సర్దుకో' అన్నాడు. పట్నం పెద్ద జట్టు కోచ్ ఆయన."

"ఊఁ," అన్నాడు సవ్వా.

ఆ ఊఁ చాలు. ఊఁ కొట్టేవాడు దొరికితే రొదియోన్ ఎగోరిచ్‌కి గడ్డివాము కూడా గుర్రమై పరిగెడుతుంది.

"పట్నంలో నాకు ఎగరడం నేర్పారు. అప్పటిదాకా నేనూ అందరిలాగే ఎగిరీ ఎగరగానే దిగిపోయేవాణ్ని. మా కోచ్ అన్నాడు, 'ఒరేయ్, దిగడానికి అంత తొందరేంట్రా, పైన పనేం లేదా?' అని. నిజమే కదా అనిపించి, అప్పట్నించీ పైన కాసేపు ఆగడం అలవాటు చేసుకున్నాను. రీగా వాళ్లతో ఆట. మా లిఫ్టర్ బంతి లేపాడు, నేను లేచాను. అవతల ఇద్దరు అడ్డంగా చేతులెత్తి లేచారు. లేచారు, దిగారు. నేనింకా పైనే ఉన్నాను. మళ్లీ లేచారు, మళ్లీ దిగారు. నేను ఏ మూలకి కొడదామా అని చూసుకుంటున్నాను. ఎడమ మూల ఖాళీగానే ఉంది కానీ, అక్కడున్న కుర్రాడు పెళ్లి కావలసినవాడిలా ఉన్నాడు, మొహం పాడుచెయ్యడం ఎందుకనిపించింది. కుడి మూలవాడికి పెళ్లయింది, వేలికి ఉంగరం కనపడుతోంది. వాడికి పిల్లలేమో, పాపం. ఇలా ఆలోచిస్తున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కింద మా కోచ్ నన్ను వెతుక్కుని, కనపడక, ఎటో పోయాననుకుని నా బదులు ఇంకొకణ్ని దింపాడు. నేను తీరిగ్గా దిగి చూద్దును కదా, మా వైపు ఏడుగురం ఉన్నాం. రిఫరీ ఈల ఊది పాయింటు వాళ్లకిచ్చేశాడు. అన్యాయం కాదూ?"

"అన్యాయమే," అన్నాడు సవ్వా. "ముందొచ్చినవాడివి నువ్వు కదా."

"మరి బంతి?" అన్నాడు తిమఫేయ్.

"అది ముందే దిగిపోయింది. దానికి నాకున్నంత ఓపిక ఎక్కడిది?"

గడ్డి కోసేవాళ్లలో ఒకతను టీ గొంతులో అడ్డుపడి దగ్గాడు. రైసా పెదాలు బిగపట్టుకుంది కానీ భుజాలు ఊగుతున్నాయి. రొదియోన్ ఎగోరిచ్ చెవి మాత్రం నడవ వైపే ఉంది. మర కాస్త నెమ్మదించినట్టనిపించింది. పనిచేస్తోంది, ఇంకొంచెం పొయ్యాలి, అనుకున్నాడు.

"ఇదేముంది, అసలైన ఆట చెబుతాను. దేశం మొత్తానికి ఆఖరి పోటీ. వోల్గా గట్టు జట్టుతో. మాకు పద్నాలుగు, ఇంకొక్కటి కావాలి. సర్వీసు నాది. కాస్త గట్టిగా కొట్టాను. బంతి హాలు తూర్పు కిటికీలోంచి బయటికి పోయింది. బయట రైలు పట్టాలు. అప్పుడే గూడ్సు బండి పోతోంది, పెట్టెల నిండా బాతు ఈకలు. బంతి వెళ్లి ఆ ఈకల్లో పడింది. బండి వ్లదివస్తోక్ పోతోంది."

"అవుటే," అన్నాడు తిమఫేయ్. తను సైన్యంలో ఆడిన రోజులు అతనికింకా గుర్తు. "బయట వస్తువు తగిలితే అవుటు."

"నువ్విప్పటి రూలు చెబుతున్నావు. అప్పటి రూలు పుస్తకంలో ఒకటే ఉండేది, బంతి నేలకి తగలాలి అని. ఈకలు నేలా? రిఫరీ నిజాయితీపరుడు. 'బంతి ఇంకా ఆటలోనే ఉంది, ఎవరూ చోటు కదలకండి' అన్నాడు. పన్నెండుగురం మోకాళ్లు వంచి, చేతులు చాపి నిలబడ్డాం. స్టేషన్లనించి టెలిగ్రాములు వస్తున్నాయి. ఓమ్స్క్ దాటింది, నేల తాకలేదు. బైకాల్ దాటింది, నేల తాకలేదు. వ్లదివస్తోక్‌లో ఈకలతో పాటు ఓడెక్కించారు. ఓడ నావికులకి మా ఆట సంగతి తెలిసి, ఆ ఈకల మూట దగ్గర కాపలా పెట్టారు, దించేటప్పుడు ఎక్కడ నేలకి తగులుతుందోనని. జపాను, ఇండియా, ఆఫ్రికా కొస. మేమిక్కడ అలాగే నిలబడి ఉన్నాం. పెళ్లాలొచ్చి క్యాబేజీ సూపు నోట్లో పోసి వెళ్లేవాళ్లు. నాకింకా పెళ్లాం లేదు, పక్కవాడి పెళ్లాం పోసేది, కానీ మంటగా చూసేది. లాభం లేదని నేనూ అక్కడే పెళ్లి చేసుకున్నాను. మా ఆవిడ వచ్చి నా పక్కన నిలబడింది, నేను మోకాళ్లు వంచే ఉన్నాను, ఫొటోలో చూస్తే ఆవిడే నాకంటే పొడుగ్గా ఉంటుంది."

"మరి ఆ రాత్రి సంగతేంటి?" అంది రైసా.

"రైసా," అంది ఉస్తీన్యా.

అరుగు మీద మగవాళ్లు బల్లలు చరుస్తూ నవ్వారు. సవ్వా తాతకి కళ్లనీళ్లొచ్చాయి. టోపీతో తుడుచుకుని, "చెప్పు నాయనా, బంతి ఎక్కడుంది?" అన్నాడు, అది తన సొంత బంతయినట్టు.

"వస్తోంది. రీగాలో ఓడ దిగింది, గడ్డి లారీ ఎక్కింది. లారీ మా హాలు పక్కనించి పోతూ గోతిలో ఎగిరింది. దాంతో బంతీ ఎగిరి, పడమటి కిటికీలోంచి లోపలికొచ్చి, నెట్టు మీదుగా మెల్లిగా, ఆకు రాలినట్టు అవతలి కోర్టులో పడింది. టప్. వాళ్లెవరూ కదల్లేదు. ఎందుకో తెలుసా? ఆరుగురూ నిలబడే నిద్రపోతున్నారు. పదిహేనో పాయింటు. అలా గెలిచాం దేశాన్ని."

వాన కొంచెం పలచబడింది. తిమఫేయ్ మెడ చాచి నది వంక చూశాడు. రొదియోన్ ఎగోరిచ్ తొందరపడ్డాడు. ఇక ఆఖరి సరుకు దింపాల్సిందే. ఆటగాడి సంగతి వాళ్లకి తెలిసింది, కోచ్ సంగతి తెలియాలి.

"ఆడటం అయ్యాక నేర్పడం మొదలుపెట్టాను. మొదటి ఎండాకాలం మా పిల్లల్ని చిత్తడి అడవిలోకి తీసుకెళ్లి, బంతి లేకుండా వదిలేశాను. దోమలున్నాయిగా. ఒక్కొక్కరూ కుట్టబోయే దోమని కుట్టకముందే గాల్లో కొట్టాలి, అదీ ఎడమ రెక్క మీద. కోతలయ్యేసరికి ఆ అడవిలో దోమ అన్నది లేదు. కప్పలు ఆకలికి తట్టుకోలేక పక్క జిల్లాకి వలసపోయాయి. ఊరికొచ్చాక బంతి చేతికిస్తే పిల్లలు నవ్వారు, 'ఇంత పెద్దదా, ఆవులా ఉంది, దీన్నెవరు కొట్టలేరు?' అని. గాల్య అని ఒక పిల్ల ఉంది మాకు. ఆ పిల్ల స్మాష్ కొడితే బంతి నేలలోకి దిగిపోయింది. తవ్వాం, అందలేదు. ఇంకా తవ్వాం. చమురొచ్చింది. ఇప్పుడక్కడ బావి ఉంది."

"ఊఁ," అన్నాడు సవ్వా, కొంచెం ఆలస్యంగా.

"తర్వాత మాతో ఆడటానికి ఎవరూ మిగల్లేదు. జట్లు రైల్లో వచ్చేవి, ప్లాట్‌ఫాం మీద మా పిల్లల్ని కిటికీలోంచి చూసేవి, దిగకుండానే వెనక్కి పోయేవి. ఇప్పుడు రావడం కూడా మానేశారు. పాయింట్లు పోస్టులో పంపించేస్తున్నారు. మా పోస్టమ్మ మూపున మోసుకొస్తుంది, పాపం, నడుం నొప్పి."

మర ఆగిపోయింది.

రొదియోన్ ఎగోరిచ్ ఒళ్లు పులకరించింది. దొరికిందనుకున్నాడు. గ్లాషా గుమ్మం దగ్గరికొచ్చింది, పైకమ్మీ కింద తల వంచి నిలబడింది. చేతులు పాలతో తెల్లగా ఉన్నాయి. మొహం మాత్రం దొరికినవాళ్ల మొహంలా లేదు.

"రొదియోన్ ఎగోరిచ్," అంది. "మీ జట్టు ఎప్పుడూ ఓడిపోలేదా?"

"ఓటమంటే ఏంటో మా పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాల్సొచ్చింది తల్లీ. అయినా ఎక్కలేదు."

"మరి మీకు నేనెందుకు?"

సవ్వా తాత ఊఁ కొట్టలేదు.   రొదియోన్ ఎగోరిచ్ నోరు తెరిచాడు. యాభై మూడేళ్లుగా తెరిస్తే ఏదో ఒకటి వచ్చే నోరు అది. ఏమీ రాలేదు. మూశాడు.

"అబద్ధమాడినా అతికినట్టుండాలి బాబూ," అంది ఉస్తీన్యా, ఆయన కప్పులో టీ నింపుతూ. "ఇది అతకలేదు."

ఆయన కప్పు వంకే చూస్తూ చెప్పాడు. "ఓడిపోతున్నాం తల్లీ. ఓడిపోవడం తప్ప ఏమీ చెయ్యడం లేదు."

"ఎంతగా?" అంది గ్లాషా.

"ఎంతగా అంటే... పోయిన నవంబరులో ఒక సెట్టులో మాకు వచ్చింది సున్నా. రెండో సెట్టులో కూడా సున్నాయే. మూడో సెట్టులో అవతలి కోచ్ జాలిపడి తన మంచి ఆటగత్తెల్ని కూర్చోబెట్టేసింది, అప్పుడు కూడా సున్నాయే. మా లిఫ్టర్‌కి దగ్గర చూపు ఆనదు, బంతి వస్తోందంటే కళ్లు మూసుకుంటుంది. నాస్త్య సర్వీసు చేస్తే ముందున్న కాత్య వీపుకి తగులుతుంది. తగలకుండా ఉండటానికి కాత్య పక్కకి తప్పుకుంటే, నాస్త్య కూడా అటే కొడుతుంది. ఒకసారి ఇద్దరు పిల్లలు ఒకే బంతికి పరిగెత్తి ఢీకొని నెట్టులో చుట్టుకున్నారు. వాళ్లని విడదియ్యడానికి నెట్టు కొయ్యాల్సొచ్చింది. ఆ బంతి పక్కింటి గోడ దాటి..."

"ఆగాగు," అన్నాడు సవ్వా చెయ్యెత్తి. "రైలు దాకా సరే, ఓడ దాకా సరే, చమురు కూడా ఒప్పుకున్నాను. ఇది మాత్రం నమ్మను. ఇంత ఘోరంగా ఎవరూ ఓడరు. మరీ కోతలు కొయ్యకు, ఎగోరిచ్."

"సున్నా ఎలా వస్తుంది?" అన్నాడు తిమఫేయ్ కూడా. "అవతలివాళ్లు ఒక్కటైనా తప్పు కొడతారు కదా."

"కొట్టారు," అన్నాడు రొదియోన్ ఎగోరిచ్ దీనంగా. "కొట్టినప్పుడు మా నాస్త్య దాన్ని బయటికి పోనివ్వకుండా పట్టుకుంది."

అరుగు మీద పకపకా నవ్వులు లేచాయి. రైసా తలగుడ్డ కొసతో మొహం కప్పుకుంది. ఆయన మాత్రం నవ్వలేదు. నిజం చెబితే నమ్మించడం ఇంత కష్టమని ఆయనకి అప్పటిదాకా తెలీదు.

గ్లాషా ఒక్కత్తే నమ్మింది. గుమ్మం దాటి అరుగు మీదికొచ్చి నిటారుగా నిలబడింది. ఈ ఊరొచ్చాక ఆ పిల్ల అలా నిలబడటం ఆయన చూడటం అదే మొదలు.

"బళ్లో నేను ఆడితే నవ్వేవాళ్లు," అంది. "కింద బంతి నాకందదు. వంగేసరికి అది పోతుంది. పొద్దుట్నించీ మీరు చెబుతుంటే, ఎప్పుడూ ఓడనివాళ్ల మధ్య నేనెక్కడ నిలబడతాను, బంతులు మొయ్యడానికైనా పనికొస్తానా అనుకున్నాను."

"కింద బంతి మా వాళ్లెవరికీ అందదు తల్లీ," అన్నాడు ఆయన. "పైదీ అందదు."

"పైది నాకందుతుంది."

"తెలుసు. క్యాబేజీలు చూశాను."

ఆమెకి నవ్వొచ్చింది. చేతులకున్న పాలు గౌనుకి తుడుచుకుని ఉస్తీన్యా వైపు తిరిగింది. "అవ్వా, నేను వెళ్తాను."

ఉస్తీన్యా లేచి, బల్ల మీద మిగిలిన రొట్టెలన్నీ తువ్వాల్లో కట్టడం మొదలుపెట్టింది. సవ్వా తాత ఒకటి తీసుకోబోతే చేతి మీద కొట్టింది. "ఆ పిల్లలకి," అంది. "సున్నాల మీద సున్నాలు తెచ్చుకునేవాళ్లు ఏం తింటున్నారో ఏమిటో." మూట రొదియోన్ ఎగోరిచ్ చేతుల్లో పెట్టి ఆయన కళ్లలోకి చూసింది. "పిల్లని నీకప్పగిస్తున్నాను. ఇక్కడ మొదట చెప్పినవన్నీ నీ దగ్గరే ఉంచుకో. తర్వాత చెప్పిన ఆ సున్నాల సంగతి మాత్రం మార్చు."

మధ్యాహ్నానికి వాన ఆగింది. ఊరు ఊరంతా రేవుకి దిగింది. రైసా పాలడబ్బా ఒకటిచ్చి, ఇంకేదో ఎత్తిపొడవబోయి, మానేసి చెయ్యి ఊపింది. గ్లాషా పడవ ముందు కొసన మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఊరు కనపడినంతసేపూ వెనక్కి చూసింది, మలుపు తిరిగాక ముందుకి తిరిగింది.

రొదియోన్ ఎగోరిచ్ మూట ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. అంతసేపు ఆయన నోరు మూసుకుని కూర్చోవడం చూసి తిమఫేయ్‌కే ఇబ్బందిగా అనిపించింది.

"అయితే ఎగోరిచ్, ఈ ఏడు ఏమైనా గెలుస్తారంటావా?"

నాలుక కింద దురద మళ్లీ లేచింది. ఆయన దాన్ని మింగేశాడు. "ఒక్క ఆట గెలిస్తే అదే గొప్ప. రెండు గెలిస్తే హాలు మాకుంటుంది."

"అన్నీ గెలుస్తాం," అంది గ్లాషా ముందునించి, తల తిప్పకుండా. "ఒక్క సెట్టు కూడా ఇవ్వం. మమ్మల్ని చూసి జట్లు స్టేషన్లోనే..."

"తల్లీ," అన్నాడు రొదియోన్ ఎగోరిచ్, పుట్టాక మొదటిసారి ఇంకొకరితో ఆ మాట అంటూ, "కోతలు కొయ్యకు."